మీసం, మోకాలు, మోటారు సైకిలు

పరవాడ సెంటర్లో టీ కొట్టు ముందు బండి ఆపాను. ఆపడమంటే పెద్ద విద్యేమీ కాదు. బ్రేకు నొక్కి రెండు కాళ్ళూ నేలకి ఆనించడమే. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో పాతికేళ్ళు నాతో షిఫ్టులు చేసి, నాకన్నా ఆర్నెల్లు ముందు రిటైరైన మిత్రుడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే అతని బుల్లెట్టు ఎండకి తళతళలాడుతోంది. టీ గ్లాసు కింద పెట్టి, నన్ను వదిలేసి నా బండిని ఎగాదిగా చూశాడు.

"ఏటి బావా, స్కూటీ ఎక్కీసినావేటి? పాపం, అయిపోనావు!"

మా వైపు 'అయిపోనాడు' అన్న మాట రెండు సందర్భాల్లో వాడతారు. మనిషి కన్ను మూసినప్పుడు ఒకటి, మగాడు గేరు బండి దిగినప్పుడు రెండోది. మొదటిదానికి పెద్దకర్మ భోజనాలైనా ఉంటాయి. రెండోదానికి బెంచీ నిండా జాలి చూపులే.

నేను ఎక్కింది స్కూటీ కాదు, నూట పది సీసీ స్కూటరు. అయినా ఏ పేస్టయినా కోల్గేటే అయినట్టు, మన ఊళ్ళలో గేరు లేని ప్రతి బండీ స్కూటీయే. ఆ పేరు పలకడంలో ఒక దీర్ఘం ఉంటుంది. ఆ దీర్ఘంలోనే తీర్పు ఉంటుంది.

ఆ తీర్పు వెనకున్న సిద్ధాంతాన్ని ఖండించడానికే ఈ వ్యాసం. సిద్ధాంతం ఇది: మగాడి బండి మోటారు సైకిలు. మోటారు సైకిళ్ళలో మగాడు బుల్లెట్టు. మోకాలు మొరాయించినా, కన్ను మసకబారినా, పెళ్ళాం మొత్తుకున్నా దాన్ని దిగకూడదు. దిగితే వయసు గెలిచినట్టూ, మగతనం ఓడినట్టూ. ఇది ఒక్క టీ కొట్టు మాటే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. షష్టిపూర్తికి పట్టుపంచెతో పాటు బుల్లెట్టు తాళం చేతిలో పెట్టే కొడుకుల్ని చూశాను. పీఎఫ్ డబ్బు చేతికి రాగానే షోరూముకి పరిగెత్తి, మర్నాడు నల్ల కళ్ళజోడు, తోలు జాకెట్టు తగిలించుకుని విశాఖ ఉక్కపోతలో చెమటలు కక్కే పెద్దమనుషుల్నీ చూశాను. గురజాడ కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లుకి ముసలితనంలో పెళ్ళి కావలసి వచ్చింది. ఇప్పటి లుబ్ధావధాన్లకి ఈఎంఐ మీద మూడు వందల యాభై సీసీ కావలసి వస్తోంది. ఖర్చు విషయంలో అవధాన్లే నయం, పాపం పిసినారి.

ప్రత్యర్థి వాదంలో నిజమెంతో ముందు ఒప్పుకుంటాను. అరవయ్యో ఏట ఉద్యోగి దగ్గర్నుంచి చాలా లాక్కుంటారు. మెడలో ఐడీ కార్డు పోతుంది. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్ళ పలకరింపు పోతుంది. సి షిఫ్టు అయ్యాక కూర్మన్నపాలెంలో తాగే తొలి టీ పోతుంది. మిగిలేది బండి ఒక్కటే. వానలో, పొగమంచులో, పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి, అమ్మ పోయిందని కబురొచ్చిన తెల్లవారుజామున మోసింది అదే. దాన్ని అమ్మేటప్పుడు గొంతు పూడుకుపోవడం నాకూ తెలుసు. కొన్నవాడు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఇంట్లోకొచ్చి, ఉల్లిపాయలు తరగని రోజున కళ్ళు తుడుచుకున్నాను. ఆ బెంగ మీద నాకు పేచీ లేదు. ఆ బెంగకి మగతనం అని పేరు పెట్టడం మీదే నా పేచీ అంతా.

ఈ పేరు పెట్టిందెవరు? చరిత్ర చూస్తే మన తాతలెవరూ కనిపించరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో పుట్టిన కంపెనీ. బుల్లెట్ అన్న పేరు 1930ల నాటిది. సరిహద్దు గస్తీకి మన సైన్యం 1950ల మొదట్లో వందల బుల్లెట్లు ఆర్డరిచ్చింది. 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. అసలు కంపెనీ ఇంగ్లండులో మూతపడినా మద్రాసు తిరువొత్తియూరులో బండి తయారవుతూనే వచ్చింది. సైనికుడు, పోలీసు, మోతుబరి దాని మీద తిరిగారు గనక ఆ దర్జా బండికి అంటుకుంది. అంటే దర్జా యూనిఫారానిది, ఎకరాలది. ఇంజనుది కాదు. రెండూ లేని మనం బండి ఒక్కటి కొని దర్జా కోసం ఎదురు చూస్తున్నాం. మింగ మెతుకు లేకపోయినా మీసాలకి సంపెంగ నూనె కావాలన్నవాడే మనకన్నా తెలివైనవాడు. నూనెకి ఇన్సూరెన్సు కట్టక్కర్లేదు.

మిగతా పని ప్రకటనలు చేశాయి. 2001లో పల్సర్ వచ్చినప్పుడు అది నిస్సందేహంగా మగదేనని ఇంగ్లీషులో చాటారు. ఇనుము, అల్యూమినియం, రబ్బరు కలిపి చేసిన వస్తువుకి లింగ నిర్ధారణ చేసి చెప్పిన తొలి వైద్యులు వాళ్ళే. తర్వాత నాలుగైదేళ్ళకి హీరో హోండా ప్లెజర్ అనే స్కూటరు తెచ్చి, సరదా అంతా మగపిల్లలకేనా అని ప్రియాంకా చోప్రా చేత అడిగించింది. అలా బండ్లలో మగ కులం, ఆడ కులం ఏర్పడ్డాయి. అమ్మకాల కోసం గీసిన గీతని మనం శాస్త్రమనుకుని జంధ్యంలా వేసుకు తిరుగుతున్నాం.

అంతకుముందు సంగతేమిటి? 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుకునేవారు. హెడ్మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, తహశీల్దార్లు దాని మీదే తిరిగారు. పెళ్ళికొడుకు తండ్రులు మీసం మెలేసి మరీ కట్నంలో అడిగింది ఆ స్కూటరునే. అప్పుడు ఎవరూ అయిపోలేదే? చేతక్కి గేర్లున్నాయి కదా అంటాడు నా మిత్రుడు. ఉన్నాయి, ఎడమ చేతి పిడికిట్లో. గేరు చేతిలో ఉంటే సంసారి, కాలి కింద ఉంటే శూరుడు అన్న సూత్రం ఏ పురాణంలోదో చెబితే నేనూ చదువుకుంటాను.

చరిత్ర వద్దు, ఊరు చూపించమంటారా, రండి. తెల్లవారి పరవాడ రోడ్డు మీద నిలబడండి. ముత్యాలమ్మపాలెం నుంచి వెనక చేపల పెట్టె, ముందు ఇంకో బుట్ట కట్టుకుని ఒకాయన వస్తాడు. అతని వెనక కూరల బస్తాలవాడు, వాడి వెనక పాల క్యాన్లవాడు. ముగ్గురూ ఎక్కింది టీవీఎస్ ఎక్సెల్లే. 1980లో హోసూరులో టీవీఎస్ 50గా మొదలైన వంశం అది. ఇప్పటికీ ఇంజను వంద సీసీ లోపే, గేర్లు మార్చే పనే లేదు. మన రాష్ట్రంలో సగం సంతని అది మోస్తోంది. ఎదురుగా బూడిద టిప్పరు, పక్కన ఫార్మా సిటీ బస్సు, మధ్యలో రెండడుగుల సందు. ఆ సందులోంచి క్వింటాలు సరుకుతో దూసుకుపోయే ఆ చేపలాయన దగ్గరికెళ్ళి "నీ బండికి గేర్లు లేవు గనక నువ్వు మగాడివి కావు" అని చెప్పి రండి. మీరు తిరిగొచ్చేదాకా టీ చల్లారకుండా నేను చూస్తాను.

ఇక ఇంటి సంగతి. గ్యాస్ బండ అయిపోయిందని ఫోను వస్తుంది. నా స్కూటరు ఫుట్‌బోర్డు మీద బండ బుద్ధిగా నిలబడుతుంది. డిక్కీలో కొబ్బరికాయ, మందులు, మా ఆవిడ చెప్పిన కరివేపాకు. బుల్లెట్టు మీద బండ ఎక్కడ పెడతారు? బండి మీద బండ తేలేనివాడు ఇంట్లో ఏ బండరాయిని కదిలించగలడు? అందుకే మా మిత్రుడి ఇంట్లో గ్యాస్ అయిపోయిన రోజున బుల్లెట్టు గుమ్మంలోనే ఉంటుంది, కోడలి స్కూటీ తాళం మాత్రం గోడ మేకు మీంచి మాయమవుతుంది. సందు చివరిదాకా హెల్మెట్ అద్దం దించుకునే వెళతాడు. ట్రాఫిక్ వాళ్ళ భయం కాదు, మా బెంచీ భయం.

ఆడవాళ్ళకి బుల్లెట్టంటే ఇష్టమని ఇంకో వాదన. 2021లో ఊరూరా మోగిన 'బుల్లెట్టు బండి' పాటని సాక్ష్యం తెస్తారు. మోహన భోగరాజు పాడిన ఆ పాటకి ఒక పెళ్ళికూతురు ఊరేగింపులో ఆడితే తెలుగునాడంతా చూసి మురిసింది. నేనూ మురిశాను. కానీ అది కొత్త పెళ్ళికూతురి పాట. అరవై ఏళ్ళ ఇల్లాలి పాట వేరే ఉంటుంది. నడుం నొప్పితో, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఆ ఎత్తు సీటు మీదికి పక్కవాటుగా ఎక్కడానికి ఆవిడకి స్టూలు కావాలి. దిగేచోట ఇంకో స్టూలు కావాలి. రెండు స్టూళ్ళు వెంట తీసుకెళ్ళడానికి ఎక్సెల్ కావాలి.

అసలు బండి మీద ఆడవాళ్ళు ఎప్పుడూ వెనక సీటేనా? 2018లో హైదరాబాదు నుంచి జయభారతి మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి మోటారు సైకిళ్ళ మీద మెకాంగ్ నదీ తీరాల దాకా ఆరు దేశాలు చుట్టి వచ్చింది. దాదాపు 17 వేల కిలోమీటర్లు. లంబసింగి వెళ్ళొచ్చి ఆర్నెల్లు అదే కథ చెప్పే మా వాకింగ్ బ్యాచ్ ఆ దూరాన్ని మనసులో వేసుకోవాలి. గేరు కాలి కింద ఉండటమే మగతనమైతే ఆ నలుగురినీ ఏమనాలో మా బెంచీ తేల్చాలి.

మా ఫ్యాక్టరీ సంగతి మా మిత్రుడే మరిచిపోయాడు. మనిషిని బూడిద చేసే వేడిలో ఇనప నీరు పారించే మా బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. రెండు నదులు, ఒక అమ్మవారు. ఉక్కు కోసం ఈ రాష్ట్రం 1966లో ప్రాణాలిచ్చింది. అలా వచ్చిన ఫ్యాక్టరీకి గుండెకాయలాంటి కొలుముల మీద ఒక్క మీసం పేరూ లేదు. మగాళ్ళమని విర్రవీగుతూ లోపలికెళ్ళిన మేమంతా 'గోదావరికి ఎలా ఉంది?' అని అడిగి గానీ టిఫిను తినలేదు. శక్తికి మీసం ఉండి తీరాలన్న నియమం మా ఉద్యోగంలోనే లేదు. రిటైరయ్యాక ఎక్కణ్ణుంచి వచ్చింది?

శబ్దం గురించి ఒక్క ముక్క. బుల్లెట్టు చప్పుడు వింటే గుండె నిబ్బరం వస్తుందంటారు. వస్తుంది, నడిపేవాడికి. సైలెన్సరు మార్చి అర్ధరాత్రి వీధిలోకొచ్చే ప్రతి బండికీ ముగ్గురు పసిబిడ్డలు లేస్తారు, నాలుగు కుక్కలు వెంటపడతాయి. ఇరవై గుర్రాల శక్తికే ఇంత మోత. పరవాడ పొలిమేరలో సింహాద్రి థర్మల్ కేంద్రం రెండు వేల మెగావాట్లది. అల్లంత దూరం నుంచి కనిపించే దాని కూలింగ్ టవర్లని మంట పెట్టడానికి కట్టలేదు, చల్లార్చడానికి కట్టారు. నిజంగా బలం ఉన్నచోట చల్లబడే ఏర్పాటుకే ఎక్కువ చోటిస్తారు. అరవై దాటినవాళ్ళం రోజూ వాటికేసి చూస్తూ నడుస్తాం. నేర్చుకోం.

ఇక ఒంటి లెక్క. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, అంటే దాదాపు నాలుగు సిమెంటు బస్తాలు. నడుస్తున్నంతసేపూ ఆ బరువు రోడ్డుది. ఆగిన క్షణంలో మన ఎడమ మోకాలిది. కంటి విషయానికొస్తే, ఇరవయ్యేళ్ళ కంట్లో లోపలి పొరకి చేరే వెలుతురులో మూడో వంతే అరవయ్యేళ్ళ కంట్లో చేరుతుంది. లంకెలపాలెం హైవే మీద రాత్రి పూట ఎదురు లారీ లైటు పడ్డాక రోడ్డు మళ్ళీ కనిపించడానికి పట్టే సమయం ఏటేటా పెరుగుతుంది. ఆ సమయంలో బండి ఆగి మన కోసం కాచుకోదు.

ఈ పాఠం నాకు పుస్తకం నేర్పలేదు. ఒక సాయంత్రం లంకెలపాలెం సిగ్నలు దగ్గర నా పాత మోటారు సైకిలు ఆపి ఎడమ కాలు దించాను. కాలు ఇసుకలో పడింది. బండి పడలేదు, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, పడుకుంది. నన్నూ పక్కన పడుకోబెట్టుకుంది. వెనక స్కూటీ మీద డ్యూటీకి పోతున్న ఇద్దరు అమ్మాయిలు ఆపి, చెరో వైపూ పట్టి బండిని లేపారు. "దెబ్బ తగిలిందేటండి, తాతగారూ?" అన్నారు. మోకాలికి ఏమీ కాలేదు. ఆ 'తాతగారూ' మాత్రం నేరుగా ఎముకకి తగిలింది. వారం రోజులు కోపంగా ఉన్నాను, ఇసుక మీద, అమ్మాయిల మీద, రోడ్డు మీద. ఎనిమిదో రోజున, ఆడలేక మద్దెల ఓడు అన్న మాట ఎవరి గురించో అర్థమైంది.

ప్రత్యర్థి ఇక్కడ ఒక గట్టి బాణం వేస్తాడు. రోడ్ల మీద చచ్చేది ఎక్కువగా కుర్రాళ్ళే కదా, ముసలాళ్ళని దించడమెందుకని. నిజమే. కేంద్ర రవాణా శాఖ లెక్కలో 2022లో ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్ళ లోపువారే. 74,897 మంది రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్ళు. హెల్మెట్ లేక పోయినవారు 50,029. కానీ ఆ కుర్రాళ్ళకి గేరుకీ మీసానికీ ముడివేసి చెప్పిందెవరు? హెల్మెట్ పెడితే క్రాపు చెడుతుందనీ, బ్రేకు వేస్తే పిరికివాడనీ ఎక్కడ విన్నారు? మా బెంచీ మీదే విన్నారు. ఈ సిద్ధాంతం ముందు కొడుకుల్ని తీసుకెళ్ళి, మిగిలిన తండ్రుల కోసం వెనక్కి వస్తుంది. కుర్రాళ్ళ చావుని చూపించి ముసలాళ్ళ మొండితనాన్ని సమర్థించడం, ఇల్లు తగలబెట్టినవాడు బూడిద చూపించి పరిహారం అడగడం లాంటిది.

అలాగని తాళం దాచేసే కొడుకుల పక్షం నేను కాదు. "ఈ వయసులో బండెందుకు నాన్నా, ఆటో బుక్ చేసుకో" అనే వాళ్ళది అదే సిద్ధాంతం, చొక్కా తిరగేసి తొడుక్కుంది. ఇద్దరూ మనిషిని చూడరు, ఒకడు మీసం చూస్తాడు, ఒకడు పుట్టిన తేదీ చూస్తాడు. మోటారు వాహనాల చట్టం వీళ్ళిద్దరికన్నా తెలివైంది. అరవైకో డెబ్బైకో దిగిపొమ్మని అందులో ఎక్కడా లేదు. 2019 సవరణ ప్రకారం 55 దాటినవాడు అయిదేళ్ళకోసారి లైసెన్సు కొత్త చేయించుకోవాలి, అంతే. దరఖాస్తులో ఫారం 1 అడిగేది కూడా నీ బండి సీసీ ఎంత అని కాదు. పట్టపగలు 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు చదవగలవా అని. ఇంత సూటి ప్రశ్న మా బెంచీ మీద ముప్ఫై ఏళ్ళలో ఎవరూ వేయలేదు.

వయసుకి బండి నిషేధం కాదనడానికి న్యూజీలాండు పెద్దాయన బర్ట్ మన్రో చాలు. 1899లో పుట్టాడు. 1920 నాటి పాత మోటారు సైకిలుతో 1967లో, అరవై ఎనిమిదో ఏట, అమెరికాలో బోన్‌విల్ ఉప్పు మైదానం మీద గంటకి 184 మైళ్ళు, అంటే 296 కిలోమీటర్ల వేగంతో వెయ్యి సీసీ లోపు రికార్డు సాధించాడు. బండి పేరు 'ఇండియన్' గనక ఆయన్ని మనవాడనుకుని మా మిత్రుడు ఎగిరి గంతేశాడు. కాస్త ఆగాలి. మన్రో తన షెడ్డులో కూర్చుని పాత డబ్బాల్లో పిస్టన్లు పోతపోసుకుంటూ దశాబ్దాలు గడిపాడు. ఏ ముక్క ఎంత వేడికి పగులుతుందో వేళ్ళతో తెలుసుకున్నాడు. తన ఇనుముని అంతగా ఎరిగినవాడు అరవై ఎనిమిదిలో ఏదైనా ఎక్కవచ్చు. మా మిత్రుడు బుల్లెట్టు చైనుకి నూనె వేసి ఏడాదైంది.

కాబట్టి నా వాదం ఎవరినీ బండి దిగమనడం కాదు. మోకాలు సరేనంటే, కన్ను సరేనంటే ఎనభైలోనూ బుల్లెట్టు నడపండి, నేను పక్కకి తప్పుకుని దారిస్తాను. వద్దంటే దిగి స్కూటరెక్కండి. స్కూటరూ కష్టమైతే బస్సెక్కండి. అడగవలసింది మోకాలిని. మనం మీసాన్ని అడుగుతున్నాం. మీసం ఇంతవరకూ బరువు మోసిన పాపాన పోలేదు.

ఆ రోజు ఇదంతా చెప్పేసరికి మిత్రుడి టీ చల్లారింది. ఒప్పుకోలేదు. చివరికి మాటల్లోనే అతన్ని తను ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మిల్లులోకి తీసుకెళ్ళాను. "టీఎంటీ కడ్డీ ఎలా తయారవుద్ది, చెప్పు" అన్నాను. అది అతనికి నిద్రలోనూ వచ్చు. ఎర్రగా కాలుతున్న కడ్డీ మీద నీళ్ళు దూకుతాయి, పై పొర గట్టిపడుతుంది, లోపల మెత్తగానే మిగులుతుంది. ఆ మెత్తదనం ఉండబట్టే భూకంపంలో కడ్డీ సాగుతుంది, విరగదు. అంతా గట్టిగా ఉంటే పెళుసు.

"మరి ల్యాబుకి పంపి ఏటి చూసీవోరు?"

"బెండ్ టెస్టు. వొంచి చూస్తారు."

"వొంగకుండా చిట్లిపోతే?"

"రిజెక్టు," అన్నాడు అలవాటుగా. అన్నాక నావైపు చూశాడు, నా స్కూటరు వైపు చూశాడు. ఏమీ అనలేదు. లేచి బుల్లెట్టు దగ్గరికెళ్ళి, ఒక చెయ్యి సీటు మీద ఆనించి, కుడి కాలు ఎత్తడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి పైకెళ్ళింది. నేను చూడనట్టు టీ డబ్బులిచ్చేశాను, ఇద్దరివీ.